పన్నెండుకీ పధ్నాలుగుకీ మధ్య గీత

మా తమ్ముడు హెడ్లీ స్కిన్స్ పోయినప్పుడు మేం ప్రార్థనలకి వెళ్లే చాపెల్ పత్రికలో వాడి గురించి నాలుగు ముక్కలు వేశారు. నెమ్మదస్తుడట, పూలంటే ఇష్టమట, బతుకంతా ఒకే అచ్చాఫీసులో పనిచేశాడట. ఈ ముక్కలు మా ఊళ్లో పోయిన ప్రతి ముసలాడికీ సరిపోతాయి. వాడి దగ్గర నెమ్మదితనం ఏమీ లేదు. పొద్దున్నే లేచి సణగడం మొదలుపెడితే దీపం ఆర్పేదాకా సణుగుతూనే ఉండేవాడు. దేని గురించి సణిగేవాడో ఆ రాసినాయనకు తెలియదు. నాకు తెలుసు. అడ్డగీతల గురించి.

మూడు-నాలుగు అడుగులు అని రాసినప్పుడు అంకెల మధ్య పడుకుని ఉంటుందే, ఆ గీత. అచ్చాఫీసులో దాన్ని హైఫన్ అంటారు. సీసంతో పోత పోసిన పుల్ల, దాని కొసన ఉబ్బెత్తుగా బియ్యపు నూకంత గీత. అక్షరాలు పేర్చే కంపోజిటర్ ముందు వాలుగా ఉండే కేసులో దానికి ఒక చిన్న అర ఉంటుంది. ఆ అర నిండుగా ఉన్నన్నాళ్లూ దాని మొహం చూసేవాడు ఉండడు. అది ఖాళీ అయిందా, ఇక ఇంట్లో నాకు అన్నం సహించేది కాదు.

నేను బడికి వెళ్లింది తక్కువే. బంగాళాదుంపలు తవ్వే కాలం వచ్చిందంటే మా అమ్మ నన్ను పొలానికి లాక్కుపోయేది. అయినా సీసపు అక్షరాన్ని తలకిందులుగా చదవగలను. పియానో ముందు వీపు నిటారుగా పెట్టి కూర్చునే మా ఊరి ఆడవాళ్లలో ఒక్కరిని చదవమనండి చూద్దాం. నేనూ అదే అచ్చాఫీసులో కాగితాలు మడిచి, కుట్టే పని చేశాను. కాబట్టి ఇది విని రాస్తున్నది కాదు.

మా నాన్న లింకన్‌షైర్ పల్లపు భూముల్లో కాలువలు తవ్వేవాడు. హెడ్లీకి చిన్నప్పటి నుంచి ఛాతీ బలహీనం. తడి మట్టిలో నిలబడితే వారం రోజులు దగ్గేవాడు. అందుకని చైన్ బ్రిడ్జి వీధిలో ఉన్న కూలమ్ వారి అచ్చాఫీసులో పెద్ద కూలమ్ దగ్గర పనికి పెట్టారు. పని నేర్చుకోవడం పూర్తయిన రోజున, అచ్చు పనివాళ్ల ఆచారం ప్రకారం, అందరూ ఇనుప చట్రాల మీద సుత్తులతో దడదడ బాదుతూ, వాడి ఒంటికి జిగురూ సిరా పూసి, కాగితం ముక్కలు అంటించి, తోపుడు బండిలో ఊరంతా తిప్పారు. మా అమ్మ గుమ్మంలోనే ఆపి, లోపలికి రానివ్వకుండా బకెట్టు నీళ్లు కుమ్మరించింది. ఆ రోజు వాడు నవ్వాడు. అంతగా నవ్వడం మళ్లీ చూడలేదు నేను.

తర్వాత బ్లాంచ్ అనే పిల్లతో కొన్నాళ్లు తిరిగాడు. డబ్బాల్లో బఠాణీలు నింపే ఫ్యాక్టరీలో పనిచేసేది. మంచి పిల్ల, గట్టి పిల్ల. ఒక ఆదివారం కాలువ గట్టు మీద షికారు నుంచి వచ్చి మా వంటింట్లో కూలబడింది.

"కెజియా, మీ తమ్ముడు గట్టు ఈ చివర నుంచి ఆ చివరికి ఏం చెప్పాడో తెలుసా? వాళ్ల ఆఫీసులో గీతలు అయిపోయాయట. వెనక్కి వచ్చేటప్పుడు కూడా అదే చెప్పాడు. నా టోపీ కొత్తది. చూడనైనా చూళ్లేదు."

"చూశాడేమోలే, చెప్పడం రాదు."

"అయితే నువ్వే చేసుకో వాణ్ని," అని టీ తాగకుండా వెళ్లిపోయింది. మరుసటి ఏడు ఓ కసాయి కొట్టువాణ్ని చేసుకుంది.

నేను చేసుకోలేదు, వాడూ చేసుకోలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో సణుక్కుంటూ ఉండిపోయాం.

గీతల గోల ఎందుకొచ్చిందో చెప్పాలి. పెద్ద కూలమ్ ఎప్పుడో కొన్న ఎనిమిది పాయింట్ల కొలతలో పోసిన చిన్నక్షరాలు అవి. అక్షరాలు పోత పోసేవాళ్లు మామూలు రాతకి సరిపడా పంపిస్తారు. 'ఇ'లు బోలెడు, గీతలు గుప్పెడు. ఉత్తరాలకీ కరపత్రాలకీ అది చాలు. కానీ మాకు ప్రతి శీతకాలం ముందు టింక్లర్ విత్తనాల కేటలాగు వచ్చేది. ఆ కేటలాగులో ప్రతి వరుసలోనూ గీతలే. 3-4 అడుగుల ఎత్తు. పది-వారాల పూలు. ఆరు-అంగుళాల కుండీ. ఏప్రిల్-మేలో నాటండి. నాలుగు పేజీలు పేర్చేసరికి అర ఖాళీ. ఆ పేజీలు అచ్చు వేసి, విప్పి, గీతలన్నీ ఏరి అరలో పోసుకుని, మళ్లీ మరో నాలుగు పేజీలు. ఏళ్ల తరబడి అలాగే గడిచింది. తిట్టుకుంటూ అయినా గడిచింది.

ఇక వాడి పువ్వు సంగతి. హెడ్లీకి రైలు కట్ట పక్కన చిన్న తోట చెక్క ఉండేది. అందులో స్వీట్‌పీ పూల తీగలు పెంచేవాడు. మా దగ్గర 'నలభై అడుగుల కాలువ' అని పెద్ద మురుగు కాలువ ఉంది. దాని గట్టు మీద ఎవరో పారేసిన చెత్తలో మొలిచిన తీగ ఒకటి వాడికి దొరికింది. దాని గింజలు తెచ్చి, మంచి వాటిని ఉంచి చెడ్డవి పీకేస్తూ, ఏటికేడు నాటి, చివరికి ఒక రంగు తెప్పించాడు. అప్పుడే ఉడికిన రొయ్య రంగు, అంచున మాత్రం తెలుపు. వాసన వంటింటి దాకా వచ్చేది. దానికి 'నలభై-అడుగుల పిల్ల' అని పేరు పెట్టాడు.

ముసలి టింక్లర్ మా గుమ్మంలో నిలబడి, ఆ పూలు ముక్కు దగ్గర పెట్టుకుని, "పేరు మార్చవయ్యా, తీగ నలభై అడుగులు పెరుగుతుందనుకుని జనం నిచ్చెనలు కొంటారు," అన్నాడు.

"కాలువ పేరండీ అది," అన్నాడు హెడ్లీ.

"మురుగు కాలువ పేరు పువ్వుకి పెట్టినవాణ్ని నిన్నే చూశాను. సరే, గింజలు ఇవ్వు. ఈ ఏడు కొత్త పూల పేజీలో వేస్తాను. ఆ పేజీ నేనే స్వయంగా రాస్తాను."

ఆ మాట ఆయన హెడ్లీ చేతిలో చెయ్యేసి చెప్పాడు. అదే ఏడు ఆయన పని మానుకుని, వ్యాపారం అల్లుడు రోలండ్ చేతిలో పెడుతున్నాడు. ఆ రోలండ్‌కి పూలంటే డబ్బాలో పోసి అమ్మే సరుకు. అంటే హెడ్లీ పువ్వు ఈ ఏడు కేటలాగులో పడాలి. పడకపోతే మరి పడదు. వాడు ఆ సంగతి నాతో ఒక్కసారే అన్నాడు, బూట్లు విప్పుకుంటూ. మళ్లీ అనలేదు. అవసరం కూడా లేదు.

సెప్టెంబరులో రోలండ్ వచ్చాడు. జుట్టుకి నూనె, చేతికి తోలు సంచీ.

"మిస్టర్ స్కిన్స్, ఈసారి ముక్కలు ముక్కలుగా వద్దు. మొత్తం కేటలాగు ఒకేసారి పేర్చి చూపించండి. అన్ని పేజీలూ కలిపి చూసుకుని, అప్పుడు అచ్చుకి సరే అంటాను."

"అన్నీ ఒకేసారి నిలబెట్టాలంటే గీతలు చాలవండీ."

"ఏ గీతలు?"

హెడ్లీ అర తీసి చూపించాడు. రోలండ్ అందులోకి చూసి, గోళ్లు చూసుకుని, "అది మీ గొడవ. నాకేం తెలుస్తుంది? నగరంలో ప్రెస్సులవాళ్లు అడగరే ఇవన్నీ," అని వెళ్లిపోయాడు.

యజమానురాలు మిసెస్ కూలమ్. పెద్ద కూలమ్ భార్య, ఆయన పోయాక అంతా తనే చూసుకునేది. ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. ఆఫీసు బోర్డు మీద, బిల్లుల మీద, మేం అచ్చేసే ప్రతి కాగితం అడుగున '12-14, చైన్ బ్రిడ్జి వీధి' అని ఉండేది. మిగతా వీధంతా ఒక్కో నంబరు వాళ్లే. ఆ పక్కన అన్నీ సరి నంబర్లే కాబట్టి, పక్కపక్కనే ఆవిడకి రెండు. టపా మనిషి 'పన్నెండు' అని కేకేస్తే, లోపలి నుంచి 'పన్నెండు-పధ్నాలుగు!' అని దిద్దేది.

హెడ్లీ టోపీ చేత్తో పట్టుకుని వెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను, వాడు సగం చెప్పి వచ్చేస్తాడని.

"అమ్మగారూ, చిన్నక్షరాల్లో గీతలు ఒక పొట్లం తెప్పించాలండీ."

"గీతలా? గీత అంటే ఏముందయ్యా అందులో? నువ్వేమైనా వాటిని మింగుతున్నావా?"

"కేటలాగు మింగుతోందండీ."

"మా ఆయన ఉన్నప్పుడు అవే గీతలు. ఆయన ఎప్పుడైనా అడిగాడా?"

"ఆయన నన్ను అడిగేవాడండీ, ఎలా సర్దుతావని."

"అయితే సర్దు," అంది.

కానీ రెండు వారాలకి ఆవిడే నవ్వుకుంటూ వచ్చి, గోధుమరంగు కాగితం పొట్లం ఒకటి వాడి ముందు ఠపీమని పెట్టింది. పక్క ఊళ్లో ఒక అచ్చాఫీసు మూసేసి సామాన్లు వేలం వేస్తే, అక్కడ చవగ్గా దొరికిందట. "అడిగావుగా, ఇదిగో. బతుకంతా చాలు," అంది. హెడ్లీ పొట్లం దగ్గరికి లాక్కున్నాడు. విప్పాడు. నిండా గీతలే. ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పాడు, అంతే, పొట్లం మూసేశాడు. అవి పన్నెండు పాయింట్లవి. ఎనిమిది పాయింట్ల వరుసలో పెడితే మెడ బయటికి పెట్టుకుని నిలబడతాయి, పైవరుస కూర్చోదు. వేలంలో కొనేముందు ఒక గీత పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసుకోవాలని ఆవిడకి తోచలేదు. గీత గీతే కదా అనుకుంది. వాడు ఆకురాయి పెట్టి కొన్నిటిని అరగదీసి చూశాడు. ఒకటి లావు, ఒకటి సన్నం, అన్నీ బల్ల మీద వంకర పళ్లలా ఊగాయి.

"అమ్మగారికి చెప్పొద్దు అక్కా," అన్నాడు.

"ఎందుకు చెప్పొద్దు?"

"సంతోషంగా తెచ్చింది."

అదిగో, ఇలాంటివాడు. నా పళ్లు కొరుక్కుని కొరుక్కుని ఇప్పుడు రెండే మిగిలాయంటే వాడి వల్లే.

గీత లేకపోతే మాటలు పెట్టి పేర్చాలి. '3-4' బదులు 'మూడు నుంచి నాలుగు దాకా'. మాట పెడితే వరుస పొడుగవుతుంది, చివరి ముక్క కిందికి జారుతుంది. ఒక్కో పువ్వుకి ఒక్కో వరుస ఎక్కువైతే పేజీ అడుగున ఉన్నవాళ్లు బయటికి పోతారు. చట్రం ఇనుముది, సాగదు. హెడ్లీ మిగతా పేజీలన్నీ ఉన్న గీతలతో, లేనిచోట మాటలతో ఎలాగో పూర్తి చేసి, ఆఖరికి కొత్త పూల పేజీకి వచ్చాడు. ఆ పేజీ కేటలాగు వెనక అట్ట లోపలి వైపు. అందులో కూడా వాడి పువ్వు అన్నిటికన్నా కింద. ఎందుకు కింద అంటే, పేర్చేవాడు వాడే కాబట్టి. తన పువ్వు పైన పెట్టుకుంటే బాగుండదట.

నమూనా కాగితం చూసి రోలండ్ పెన్సిలు తీశాడు.

"పేజీ పొంగిపోయింది. అడుగుది తీసెయ్యండి."

"అది మీ మామగారు మాట ఇచ్చిందండీ," అన్నాన్నేను కుట్టుబల్ల దగ్గర నుంచి.

"మామగారు చాలామందికి చాలా మాటలు ఇచ్చారమ్మా. పట్టేట్టు చేయండి, ఉంచుతాను. ఆయన రాసిన మాటల్లో మాత్రం ఒక్కటీ మార్చడానికి వీల్లేదు, ఆయన నన్ను చంపుతారు. శుక్రవారం అచ్చు."

ఇంటికి వచ్చాక పంది మాంసం ముక్కలు, ఉడికిన బంగాళాదుంపలు పెట్టాను. వాడు ఫోర్కుతో దుంపని ఇటూ అటూ తోశాడు.

"తీసేస్తాను అక్కా. అడిగేవాళ్లు లేరు దాని తరఫున."

"నేనో? నేను మనిషిని కానా? ఒరే, పై వరుసలో ఆ పసుపు రంగు గ్లాడియోలస్ తీసెయ్. అది నిరుడు కూడా కొత్త పువ్వే, అటు నిరుడు కూడా కొత్త పువ్వే."

"ఆ పువ్వు పెంచినవాళ్లు డబ్బు పెట్టి వేయించుకుంటున్నారు. నా చేతిలో పేజీ ఉంది కదా అని ఇంకొకళ్ల పువ్వు పీకుతానా?"

"నీది మాత్రం పీకుతావు!"

"నాది నాది కదా."

నేను ప్లేటు లాగేసి దుంపలు కోళ్లకి వేశాను. ఆలోచించాను. ఎందుకంటే మిగతా గీతలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. మా ఆఫీసు గోడ పక్కన బీరువాలో, తాడు చుట్టి కట్టిన పేజీల్లో, అవే చిన్నక్షరాల్లో పేర్చి ఉన్నాయి. మా చాపెల్ నూరేళ్ల పండుగకి అచ్చేసిన పాటల కాగితం అది. మా వాళ్లు స్వరాలు అక్షరాలతో రాసుకుని పాడతారు. స్వరం సాగదీయాల్సిన చోటల్లా ఒక గీత. పాట బృందాన్ని నడిపే మిస్ గ్రమ్మిట్‌కి స్వరం సాగదీయడం అంటే ప్రాణం. పాటల కాగితం నిండా గీతలే గీతలు. క్రిస్మసుకి మళ్లీ అచ్చు వేయించుకుంటాను, విప్పడానికి వీల్లేదని చెప్పి పెట్టింది.

ఆదివారం చాపెల్‌లో పంటల పండుగ టీ. బల్లల నిండా కిస్మిస్ రొట్టె, జున్ను, పంది మాంసం కూరి కాల్చిన పై. కిటికీల్లో గుమ్మడికాయలు, క్యాబేజీలు. మిస్ గ్రమ్మిట్ టీ పాత్ర దగ్గర ఉంది. ఎథెల్ గ్రమ్మిట్, నేనూ ఒకే బడి. అది చివరి దాకా చదివింది, నేను దుంపలకి పోయాను.

"ఎథెల్, నీ పాట విప్పుకోనియ్యి. మా హెడ్లీకి అందులో గీతలు కావాలి."

"పాట విప్పడమేంటి కెజియా? అదేమన్నా కోటు అనుకున్నావా, కుట్లు విప్పడానికి?"

"క్రిస్మసు ముందు మళ్లీ వాడే పేర్చి ఇస్తాడు. ఊరికే. మాట ఇస్తున్నా."

"మళ్లీ పేరిస్తే తప్పులు దొర్లుతాయి. ఒక్క గీత తగ్గితే స్వరం సగంలో తెగిపోతుంది."

"తెగనీ! నువ్వు సాగదీసే స్వరాలకి మగవాళ్లు మధ్యలో ఊపిరాడక బెంచీ పట్టుకుంటున్నారు. పోయిన పండుగలో ముసలి హాబ్‌డే కళ్లు తిరిగి కూర్చోలేదూ?"

టీ కోసం నిలబడ్డ వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎథెల్ మెడ ఎర్రబడింది.

"దేవుడి పాట ముఖ్యమా, మీ తమ్ముడి పువ్వు ముఖ్యమా?"

"నీ పాట దేవుడికి ఇదివరకే వినిపించావు. వాడి పువ్వు ఆయన చేసిందే, ఊళ్లో ఎవరికీ ఇంకా చూపించలేదు. ఏది ముందో నువ్వే చెప్పు."

అది టీ పాత్ర మూత తీసి లోపలికి చూసింది, లోపల ఏదో ఉన్నట్టు. తర్వాత, "ఆ పూలు మొదటి కోత చాపెల్ పీఠం మీదికి రావాలి. మీ ఇంటి కూజాలోకి కాదు," అంది.

"వస్తాయి."

"మళ్లీ పేర్చాక నేనే వచ్చి గీత గీతా చూసుకుంటాను."

"చూసుకో. అద్దాలు పెట్టుకుని మరీ చూసుకో."

సోమవారం పొద్దున్నే హెడ్లీ పాట విప్పాడు. నేను బల్ల మీద మడతలు పెడుతూ ఓరగా చూస్తున్నాను. గీతలు అరలో పడుతుంటే వానచినుకులు రేకు మీద పడ్డట్టు చప్పుడు. వాడు సణగడం మానేశాడు. బుధవారం దాకా కొత్త పూల పేజీలో మాటలు తీసి గీతలు పెడుతూ, వరుసలు ఒక్కొక్కటీ పైకి లాగుతూ వచ్చాడు. అడుగు నుంచి పైకి కాదు, పై నుంచి అడుక్కి. ముందు పరాయి పూలు, ఆఖరికి తనది. తనదాకా వచ్చేసరికి మిగలవని నేను అప్పుడే అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం వాడు చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైంది?"

"ఒకటి తక్కువ."

"ఏ ఒకటి?"

"నలభై-అడుగుల పిల్లకి పేరులో గీత ఉంది. ఎత్తుకి లేదు. 'అయిదు నుంచి ఆరు అడుగుల దాకా' అంటే ఒక్క మాట కిందికి పడుతోంది. దానికి చోటు లేదు."

"ఆరడుగులని వేసెయ్యి!"

"ఆరని వేసి అయిదే పెరిగితే నా మొహం మీద కొడతారు. అయిదంటే పొట్టి కర్రలు పాతుకుంటారు, తీగ విరుగుతుంది. అయినా ముసలాయన రాసింది మార్చడానికి వీల్లేదన్నాడుగా, పేరులో గీత అయినా సరే."

మిగతా పేజీల్లోంచి తీయడానికి లేదు, అవి రోలండ్ చూసి సరే అన్నవి. బీరువాలు వెతికాం. నేలంతా ఊడ్చి చెత్తలో వెతికాం. నేల చెక్కల సందుల్లో పెద్ద సూది పెట్టి కెలికితే ఒక 'క్యూ' అక్షరం దొరికింది, అది ఎవరికి కావాలి? నాకు ఏడుపు వచ్చేంత కోపం వచ్చింది. వాడి మీదా, ఎథెల్ మీదా, సీసం మీదా. చట్రంలో ఆ పేజీ వంక అలాగే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కనబడింది. వాడి పువ్వు కిందనే, పేజీ అట్టడుగున, అవే చిన్నక్షరాల్లో అచ్చువేసినవాళ్ల పేరు. చట్టం ప్రకారం ప్రతిదాని మీదా వెయ్యాలి. కూలమ్ అచ్చాఫీసు, 12-14, చైన్ బ్రిడ్జి వీధి.

నేను వేలు పెట్టి చూపించాను.

వాడు నా వేలు పక్కకి నెట్టాడు. "అది ముట్టుకోను," అన్నాడు.

"నువ్వు ముట్టుకోవద్దు. ఆవిణ్ని అడుగు."

"అడగను. నువ్వు కూడా అడక్కు, అక్కా. చెప్తున్నాను."

వాడు చిన్న పట్టకారు తీసుకున్నాడు. తన పువ్వు వరుసల చుట్టూ తాడు కట్టి ఎత్తడానికి. అంత జాగ్రత్తగా కడుతున్నాడు, పసిపిల్లకి బొడ్డు కట్టినట్టు. నేను అక్కడ నిలబడలేక ముందు గదిలోకి వెళ్లాను. వాడు చెప్పింది విననివాళ్లలో నేను మొదటిదాన్ని.

"మిసెస్ కూలమ్ గారూ, లోపలికి ఒకసారి రండి. మీ గీత కావాలి."

ఆవిడ వచ్చింది. నేను చెప్పాను. వేలంలో తెచ్చిన పొట్లం ఎందుకు పనికిరాలేదో కూడా చెప్పాను. అది తెలియదు కదా ఆవిడకి. పొట్లం వంక చూసింది, హెడ్లీ వంక చూసింది.

"పనికిరావని నాకెందుకు చెప్పలేదు?"

వాడు తాడు ముడి ఇంకా బిగించాడు.

"మీరు సంతోషంగా తెచ్చారని," అన్నాన్నేను. "వాడికి నోరు లేదు, నాకు ఇచ్చేశాడు."

"నీకు రెండు నోళ్లున్న సంగతి వీధంతటికీ తెలుసు." ఆవిడ చట్రం మీదికి వంగింది. తలకిందులు అక్షరాలు ఆవిడకీ చదవడం వచ్చు, భర్త నేర్పాడు. ఆ పన్నెండు-పధ్నాలుగు మీద వేలు పెట్టింది. "ఇది ఇవ్వమంటారా? పన్నెండో నంబరులో మేము అద్దెకి చేరినప్పుడు మంచం వేయడానికి చోటు లేక యంత్రం పక్కన పడుకున్నాం. పధ్నాలుగు కొనేసరికి మా ఆయనకి జుట్టు నెరిసింది. మధ్య గోడ తనే పడగొట్టాడు. సుత్తి పట్టుకుని, ఆదివారం కూడా ఆగకుండా. ఆ దుమ్ములో నిలబడి, 'ఇక గీత వేసుకోవచ్చే,' అన్నాడు. ఆ ఏడే పోయాడు."

ఎథెల్‌ని గెలవొచ్చు. దీన్ని ఏం చెప్పి గెలుస్తాం?

"వద్దండీ అమ్మగారూ," అన్నాడు హెడ్లీ. "నేను తీసేస్తున్నాను ఎలాగూ. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు ఆ నూనె జుట్టువాడు వేస్తాడా?"

"వెయ్యడండీ."

ఆవిడ పొట్లం చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "ఒక్కటైనా పనికిరాదా ఇందులో?"

"రాదండీ."

"ఎప్పుడైనా నా దగ్గరికి వచ్చి, 'అమ్మగారూ, తప్పు కొన్నారు,' అని ఉంటే, వెళ్లి మంచివి తెచ్చేదాన్ని కదయ్యా! అంత రాక్షసినా నేను?" గట్టిగానే అరిచింది. పొట్లం కిటికీ గూట్లో విసిరేసింది. తర్వాత మామూలు గొంతుతో, "పన్నెండు అని వెయ్యి. ఉత్త పన్నెండు. మధ్యలో కామా పెట్టి రెండిళ్లు చెయ్యకు. పధ్నాలుగు ఎక్కడికీ పోదు, రాళ్లతో కట్టింది," అని ముందు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

హెడ్లీ తన పువ్వు చుట్టూ కట్టిన తాడు విప్పాడు. చిన్న పట్టకారుతో ఆ గీత తీశాడు, పధ్నాలుగు తీశాడు, ఖాళీలో సీసపు పలకలు పెట్టి బిగించాడు. గీతని తన పువ్వు ఎత్తు అంకెల మధ్య పెట్టాడు. వరుస పైకి లేచింది. పట్టింది. శుక్రవారం రోలండ్ వచ్చి చూసి, "చూశారా, కష్టపడితే పడుతుందని చెప్పానా," అన్నాడు. నా చేతిలో ఉన్న సూది ఎక్కడ గుచ్చాలో నాకు తెలిసినా గుచ్చలేదు.

కేటలాగులు కట్టలు కట్టి పంపాం. హెడ్లీ ఒకటి ఇంటికి తెచ్చాడు. మిసెస్ కూలమ్ తన చేత్తో ఇచ్చిందట. వంటింటి బల్ల మీద పరిచి ఆఖరి పేజీ తీశాడు. నేను టీ పోస్తూ వాడి మొహమే చూస్తున్నాను. ఇన్నాళ్ల తోట, ఇన్నాళ్ల గింజలు. ఇప్పుడైనా ఒక్క నవ్వు నవ్వుతాడని. వాడి పువ్వు పేరు అక్కడ ఉంది, ఎత్తు ఉంది, ముసలాయన రాసిన 'అంచున తెలుపు, దగ్గరికి వెళ్లి వాసన చూడదగ్గది' అన్న మాటా ఉంది.

వాడు వాటి మీదికి చూపు పోనివ్వలేదు. అడుగు వరుస దగ్గర కళ్లద్దాలు పెట్టి వంగాడు. అక్కడ పన్నెండు పక్కన, కలంతో, నీలి సిరాతో, ఆవిడే స్వయంగా '-14' అని రాసింది. ఊళ్లోవాళ్లకి ఇచ్చిన ప్రతి కాపీ మీదా అలాగే రాసిందని తర్వాత తెలిసింది. కూర్చుని, ఒక్కొక్కటీ.

"చూడు అక్కా," అన్నాడు. ఆ నీలి గీతని వేలితో మెల్లగా తడిమాడు. "ఎంత వంకరగా గీసిందో చూడు."